ఫుల్ రేంజ్ బాక్సులు కొట్టించే అల్లునికి

అల్లుడా,

నీ మెసేజ్ చూసిన. 4 ఇంచుల ఫుల్ రేంజ్ స్పీకర్ డ్రైవర్లు, అదే సన్నం దొడ్డు సౌండ్లన్ని ఒక్కటే పలికేటియి, రెండు తెప్పిచ్చుకున్నవట, ఇగ బాక్సులు కొట్టిస్త అంటున్నవ్, మంచిదే. గాని కరీంనగర్ల నీ దోస్తు ఇంట్ల ఉన్న పెద్ద టవర్ స్పీకర్ల లెక్క బేస్ రావాలె అన్నవ్ సూడు, ఆ మాట ఇప్పుడే పక్కకు పెట్టు. ఒక్కో ఆక్టేవ్, అంటే హెర్ట్జ్ సగమైనకొద్ది, కిందికి పోతే అంతే సౌండ్ కావాలంటే డ్రైవర్ ముందటి కోన్ నాలుగింతలు ఊగాలె, 4 ఇంచుల కాగితం ఎంతని ఊగుతది? ఊగిందే అనుకో, గొంతు వచ్చేది కూడ ఆ కాగితం మీదికెంచే కదా, అది గూడ వణుకుతది. మనం ఒక్క డ్రైవర్ పెట్టుకునేదే గొంతు కోసం, సౌండ్‌ను పంచి వేరే వేరే డ్రైవర్లకు పంపే క్రాసోవర్ మధ్యల ఉండది, మనిషి ఎదురుంగ కూసోని మాట్లాడినట్టు ఒక్క తావు నుంచే వస్తది.

బాక్స్‌కు 18 ఎంఎం ప్లై తీస్కో, డ్రైవర్ కాయితంల ఎన్ని లీటర్లు రాసి ఉంటే అన్నే పెట్టు, పెద్దగ చేస్తే మంచిగుంటదని పెంచకు. వడ్లాయనకు ఒకటి గట్టిగ చెప్పు, డ్రైవర్ కోసిన బొక్కకు వెనక దిక్కు అంచు ఏటవాలుగ చెక్కాలె, లేకుంటే అంత మందం చెక్కల చిన్న డ్రైవర్ గొట్టంల పెట్టినట్టయి వెనక గాలి ఆడది. నేను మొదట్ల చేసినయి గట్లనే చెడినయి. లోపలికి దిండ్లల్ల పెట్టే ఫైబర్ వదులుగ పెట్టు, దూది వద్దు, అది కొన్ని దినాలకు అణిగి కిందికి కూసుంటది.

ఇగ అసలు సంగతి. నీ బాక్స్ ముందు పలక 7 ఇంచుల వెడల్పు అన్నవ్ కదా, 115ను మీటర్లల్ల ఆ వెడల్పుతోని భాగిస్తే సుమారు 650 హెర్ట్జ్ వస్తది. దానికి పైన సౌండ్ ముందుకే పోతది, కిందది మెల్లమెల్లగ బాక్స్ చుట్టు తిరిగి వెనకకు పోతది, అందుకే గొంతు పల్చగ, ముక్కుతోని పాడినట్టు వినిపిస్తది, మనమేమో డ్రైవర్‌ను తిడుతం. గోడకు దగ్గర జరుపు, కొంత నయమైతది. ఇంకా పల్చగుంటే 1 మిల్లీ హెన్రీ కాయిల్, 4.7 ఓమ్స్ రెసిస్టర్ పక్కపక్కన ప్యారలల్‌ల కలిపి డ్రైవర్ వైరుకు సిరీస్ల పెట్టు, 8 ఓమ్స్ డ్రైవర్ అయితే పనికొస్తది. సౌండ్ కొంచెం తగ్గుతది, తగ్గనీ.

వినుడు అంతకంటె కష్టం రా. నా మొదటి జత 8 ఇంచులయి, మధ్యల చిన్న కోన్ అతికించి ఉండె, మొదటి రోజు ఇంటికొచ్చినోళ్లంత అబ్బ ఎంత క్లియర్ అన్నరు, మూడో రోజు మీ అత్త సౌండ్ తగ్గియ్యమని మొత్తుకున్నది. ఆ క్లియర్ అన్నదంత 3, 4 వేల హెర్ట్జ్ల కాడ లేచిన అరుపు. అందుకే మొదటి రోజు విన్నది లెక్క పెట్టకు, వారం ఆగు. డ్రైవర్‌ను సూటిగ చెవిలకు చూపియ్యకు, కొంచెం పక్కకు తిప్పితే ఆ అరుపు సగం పోతది.

ఏ పాట పెట్టాల్నంటవా? పద్మాక్షి గుట్ట కాడ మీ అమ్మ బతుకమ్మ పాడింది ఫోన్ల తీసినవ్ కదా, అది పెట్టు. అక్క గొంతు నీకన్న ఎక్కువ ఎవనికి తెలుసు, అది అక్క గొంతు లెక్క లేకుంటే బాక్స్ తప్పు. చప్పట్లు పొడిగ ఠప్ మనాలె, రేకు మీద కొట్టినట్టు గణగణ మోగొద్దు. తర్వాత ఒగ్గు కథ పెట్టు, డోలు పడ్డప్పుడు కథ చెప్పేటాయన గొంతు మింగినట్టయితే సౌండ్ తగ్గియ్యి, నీ కోన్‌కు గంతే బలం. పాత స్పీకర్‌తోని పోల్చినప్పుడు రెండింటి సౌండ్ సమానం చెయ్, ఎందుకంటే ఎక్కువ మోగేదే మంచిగున్నట్టు అనిపిస్తది ఎవలకైనా.

ఇగో, రెండు బాక్సులు ఒక్కసారి కొట్టియ్యకు. ఒక్కటి చెయ్, రెండు దిక్కుల సౌండ్ ఒక్కదాంట్లనే వచ్చేటట్టు మోనోల విను, రెండోదాని ప్లై అట్లనే ఉంచు, దసరాకు హన్మకొండ రా, కొలతలు మార్చాలో వద్దో చూసినంకనే కోయిద్దాం.

మీ మామ