నాలుగో ఏడాది యానిమేషన్ చదవబోతున్న మా చెల్లి కొడుక్కి

పర్లాకిమిడి

చిన్నబాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటినిండా చుట్టాలున్నారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మూడేళ్ల డిగ్రీ అయిపోయింది, హైదరాబాద్ స్టూడియో నుంచి పిలుపొచ్చింది, ఇటు యూనివర్సిటీలో ప్రొడక్షన్ మీద, అంటే సినిమా తయారీ మీద, నాలుగో ఏడాది ఉంది, ఏది మంచిది పెద్దమ్మా అన్నావు. నాలుగో ఏడాది చదువు నాన్నా. కానీ ఒకే పని పెట్టుకుని చదువు. మూడు నిమిషాల సినిమా ఒకటి, టైటిళ్లూ సౌండూ అన్నీ కలిపి, పూర్తి చేసి బయటికి రా.

ఉద్యోగంలో చేరాక ఆ అవకాశం దొరకదు. స్టూడియోలో ఒకరు రిగ్గింగ్ (బొమ్మకి కదిలే కీళ్లు అమర్చడం), ఒకరు లేఅవుట్ (తెర మీద ఏది ఎక్కడుండాలో పేర్చడం), ఇంకొకరు లైటింగ్ చేస్తారు. నీ ముందుకి కొన్ని సెకన్ల షాట్ వస్తుంది, చేసి పంపుతావు, కరెక్షన్లు వస్తాయి, మళ్లీ చేస్తావు. ఆ షాట్ ఎందుకు పుట్టిందో, నీ దగ్గర్నుంచి ఎటు పోతుందో తెలియకుండానే ఏళ్లు గడుస్తాయి. నేను ఇరవై రెండేళ్లు ఆ గదుల్లో కూర్చున్నాను. సినిమా మొత్తాన్ని ఒకసారైనా సొంతంగా మోసినవాళ్లు ఎవరో, వాళ్లు షాట్ గురించి అడిగే మొదటి ప్రశ్నలోనే నాకు తెలిసిపోయేది.

చదువు పరంగానూ లాభం ఉంది. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లు పీజీని ఒక్క ఏడాదిలో చేసే వీలు యూజీసీ కల్పించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వస్తే రీసెర్చ్‌తో ఆనర్స్‌కి వెళ్లొచ్చు. నీ మనసు ప్రొడక్షన్ మీద ఉంది కాబట్టి దాని జోలికి పోకు. ఫీజు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇక మూడు నిమిషాలే ఎందుకని అడుగుతావు. లెక్క చూడు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 కదలని చిత్రాలు. మూడు నిమిషాలంటే 4,320. చేత్తో గీసి, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెట్టినా 2,160 బొమ్మలు కావాలి. రోజుకి 15 బొమ్మలు శుభ్రంగా వచ్చాయనుకో, 144 రోజులు. జ్వరం, పండగ, పెళ్లి ఇందులో లేవు. త్రీడీలో చేస్తావా? ఒక్కో ఫ్రేమ్ రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ దాన్ని పూర్తి చిత్రంగా తయారు చేయడానికి, పది నిమిషాలు పడితే 720 గంటలు, అంటే ఒక్క సిస్టమ్ మీద రాత్రింబవళ్లు నెల రోజులు. మధ్యలో కరెంటు పోతే నీ గతి ఏమిటో ఆలోచించు. అందుకే రెండర్‌ని ఎప్పుడూ ఒకే వీడియోగా తీయకు, ఫ్రేములుగా సేవ్ చెయ్యి. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నా చివరి ఏడాది సినిమా తొమ్మిది నిమిషాలు అనుకున్నాను. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ వేసుకోలేదు. కథ అందరికీ నచ్చింది. స్టోరీబోర్డ్, అంటే కథని వరస బొమ్మలుగా గీసుకున్నది, దిద్దుతూ దిద్దుతూ సంక్రాంతి దాకా లాగాను. చివరికి నాలుగు నిమిషాలే బొమ్మ కదిలింది, మిగతాది పెన్సిల్ గీతలతో చూపించాను. జ్యూరీ వాళ్లు ఏమీ అనలేదు, తలలు వంచుకుని మార్కులు వేసుకున్నారు. ఆ గదిలో నిశ్శబ్దం ఇప్పటికీ నాకు గుర్తే.

కాబట్టి యానిమేటిక్‌ని, అంటే సినిమా కచ్చా నమూనాని, దసరాకల్లా ముగించు. స్టోరీబోర్డ్ బొమ్మల్ని టైమింగ్‌తో వరసగా పేర్చి, నీ గొంతుతోనే డైలాగులు పెట్టి, యానిమేషన్ తెలియని నలుగురికి చూపించు. మీ అమ్మకి, కిరాణా షాపు అబ్బాయికి. ఎక్కడ కథ అర్థం కాలేదో అడగకు, వాళ్ల కళ్లు ఎక్కడ పక్కకి తిరిగాయో చూడు. అక్కడ కోసెయ్యి. యానిమేటిక్‌లో పది సెకన్లు తీసేయడం పూట పని. అదే పది సెకన్లు యానిమేషన్ అయ్యాక తీసేయాలంటే రెండు వారాల కష్టం పోతుంది, మనసు ఒప్పక అలాగే ఉంచేస్తావు, సినిమా పాడవుతుంది. దసరా తర్వాత కథ మార్చనని ఇప్పుడే గైడ్‌కి మాటివ్వు.

బొమ్మలు ఎంత తక్కువ కదిలితే అంత మంచిది. మనం ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల మధ్య పుట్టినవాళ్లం, ఈ విషయం మనకి చూసి నేర్చుకునే అదృష్టం ఉంది. ఆంధ్ర తోలుబొమ్మకి నడుము దగ్గర, భుజం దగ్గర, మోచేతి దగ్గర కీళ్లుంటాయి. నువ్వు కంప్యూటర్లో చేసే కటౌట్ రిగ్, అంటే ముక్కలు కీళ్లతో కలిపిన బొమ్మ, కూడా అచ్చం అలాంటిదే. అదే ఒడిశాలో అంగుల్ జిల్లా నీడబొమ్మలాట రావణఛాయ బొమ్మలకి కీళ్లే ఉండవు. జింక తోలులో ఒకే ముక్కగా కోసిన బొమ్మ. తెరకి దగ్గరగా, దూరంగా జరుపుతూ, కొంచెం ఊపుతూ ఉంటే ఆ నీడలోనే కోపం, దుఃఖం పలుకుతాయి. రెండూ ఒకసారి దగ్గరగా చూసి రా. ఏ పాత్రకి ఎన్ని కీళ్లు అవసరమో అప్పుడు నిర్ణయించుకో.

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకు. త్రీడీ చేసే బ్లెండర్ ఉచితం. లాట్వియా నుంచి వచ్చిన ఫ్లో అనే సినిమా దాంతోనే చేశారు, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. అందులో ఒక్క మాట కూడా లేదు.

నీ సినిమాలో మాటలుంటే మాత్రం యానిమేషన్‌కి ముందే రికార్డు చెయ్యి. లిప్‌సింక్, అంటే పెదవుల కదలిక, గొంతుని బట్టి పోవాలి. ఇంకోటి, టీవీ తెలుగు వద్దు. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడింది ఈ ఊళ్లో ఉండే కదా. మన బజార్లో సగం తెలుగు, సగం ఒడియా కలిపి మాట్లాడుకుంటారు, "ఏటి, ఇలాగొచ్చేవ్" అంటారు. ఆ మాట ఆ యాసతోనే రావాలి. సెలవులకి వచ్చినప్పుడు ఫోన్ కాకుండా మంచి రికార్డర్ ఒకటి అద్దెకి తెచ్చుకో. కొమ్ముబొమ్మలు చేసేవాళ్ల ఆకురాయి చప్పుడు, గుణుపురం రైలు కూత, మహేంద్రతనయ నది ఒడ్డున ఉదయం పూట వినిపించేవన్నీ పట్టుకో. చివరి వారంలో నెట్‌లో వెతికి అతికించిన సౌండ్ వెంటనే దొరికిపోతుంది. సౌండ్‌కి కనీసం నెల రోజులు ఉంచుకో.

సవర గిరిజనుల గోడబొమ్మల శైలి వాడదామని ఉందన్నావు. అవి ఇంటి గోడ మీద దేవతల కోసం, పెద్దల కోసం వేసేవి. ముందు గుణుపురం వైపు ఊళ్లకి వెళ్లి, వేసేవాళ్లతో కూర్చుని, ఏ బొమ్మ దేనికో అడుగు. ఒప్పుకుంటే వాడు, వాళ్ల పేర్లు టైటిళ్లలో వెయ్యి. వద్దంటే వదిలెయ్యి, మళ్లీ అడగకు.

ఫైళ్లు మూడు చోట్ల ఉంచు, అందులో ఒకటి నీ హాస్టల్ గదిలో ఉండకూడదు. గంటకోసారి కుర్చీలోంచి లే. నా కుడి మణికట్టు ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది.

స్టూడియో వాళ్లకి ఫోన్ చేసి, ఏడాది తర్వాత వస్తానని మర్యాదగా చెప్పు. చాలామంది చెప్పకుండా మానేస్తారు, ఆ పేరు గుర్తుండిపోతుంది. దసరాకి ఇంటికి వచ్చేటప్పుడు యానిమేటిక్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రా. మీ పెదనాన్నకి కథ ముందే చెప్పకు, ఆయన కళ్లు ఎటు తిరుగుతాయో ఇద్దరం చూద్దాం.

మీ పెద్దమ్మ