ఆ పసుపు చుక్కలు సల్ఫరేనా?

ప్రశ్న: 316 స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కకి ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో ఈడీఎస్ మ్యాపింగ్, అంటే ఏ మూలకం ఎక్కడుందో ఎక్స్-రేలతో చూపే పరీక్ష, చేయించాను. ఇనుము, క్రోమియం, నికెల్ బాగానే వచ్చాయి. సల్ఫర్ మ్యాప్ మాత్రం నిండా పసుపు చుక్కలే! సర్టిఫికెట్‌లో చూస్తే సల్ఫర్ 0.03 శాతం లోపే. సప్లయర్ మోసం చేశాడా? గైడ్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఎం.టెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: సప్లయర్‌తో గొడవకి దిగకండి. మీరు చూసింది చాలావరకు మోలిబ్డినం. 316లో అది 2 నుంచి 3 శాతం ఉంటుంది, తుప్పు మచ్చలు పడకుండా కావాలనే కలుపుతారు.

ఎలక్ట్రాన్ పుంజం తగిలి పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఎగిరిపోతే, ఆ ఖాళీలోకి పై కక్ష్యలోంచి ఇంకొకటి దిగుతుంది, దిగుతూ మిగిలిన శక్తిని ఎక్స్-రేగా వదులుతుంది. ఇనుముకి అది 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, క్రోమియంకి 5.41. మెషిన్ చుక్క చుక్కకీ ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్-రేలు పడ్డాయో లెక్కపెడుతుంది, అంతే, రంగులు సాఫ్ట్‌వేర్ వేసేవి. సల్ఫర్ కావాలని మీరు టిక్ పెడితే 2.31 చుట్టుపక్కల పడిన ప్రతిదానికీ పసుపు పూసేస్తుంది. మోలిబ్డినం ఎల్ లైను, అంటే రెండో కక్ష్యలో ఖాళీ నిండినప్పుడు వచ్చే ఎక్స్-రే, సరిగ్గా అక్కడే, 2.29 దగ్గర ఉంది. రెండింటి మధ్య తేడా సుమారు 14 ఎలక్ట్రాన్ వోల్టులు, మామూలు ఈడీఎస్ డిటెక్టర్‌కేమో 130 దాకా తేడా ఉంటేగానీ విడివిడిగా కనబడవు. పైగా సాఫ్ట్‌వేర్ ఏ మ్యాప్‌కి ఆ మ్యాప్‌నే సాగదీసి ప్రకాశవంతం చేస్తుంది కాబట్టి, పిసరంత సిగ్నల్ కూడా ఇనుముతో సమానంగా వెలిగిపోతుంది.

పసుపు దట్టంగా ముద్దకట్టిన చోటు ఏదైనా ఉంటే మాంగనీస్ మ్యాప్‌లో అదే చోటు చూడండి. అక్కడ మాంగనీస్ కూడా వెలుగుతూ ఇనుము నల్లగా ఉంటే అది మాంగనీస్ సల్ఫైడ్, నిజమైన సల్ఫరే, రోలింగ్ చేసిన స్టీల్‌లో సన్నగా సాగి ఉంటుంది. మిగతాచోట్ల పలచగా పరుచుకున్నదాన్ని పట్టించుకోవద్దు. గైడ్ రుజువు అడిగితే ఎలక్ట్రాన్ పుంజానికి 30 కేవీ (కిలోవోల్టులు) పెట్టి, 17.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మోలిబ్డినం కె లైను (మొదటి కక్ష్య ఖాళీ నిండినప్పుడు వచ్చేది) చూపించండి. 15 కేవీలో అది ఎప్పటికీ రాదు. ఎక్కువ కేవీలో మ్యాప్ కాస్త అలుక్కుపోతుంది, అందుకని ఆ స్పెక్ట్రం వరకే తీసుకోండి. ఎక్స్-రేలను తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేరుచేసే డబ్ల్యూడీఎస్ ఉన్న ల్యాబ్ దొరికితే అసలు తగువే లేదు, అది ఈ రెండు లైన్లనూ విడదీస్తుంది.

అన్నట్టు, స్టీల్‌కి బంగారం పూత అక్కర్లేదు. పూయించారంటే బంగారం లైను ఫాస్ఫరస్ లైను పక్కనే పడి ఇంకో తంటా.

ప్రశ్న: బ్యాటరీ పౌడర్‌లో లిథియం మ్యాప్ ఇలాగే తీయొచ్చా?

జవాబు: మామూలు ఈడీఎస్‌తో కాదు. లిథియం ఎక్స్-రే మరీ బలహీనం, 0.054 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, డిటెక్టర్ ముందున్న పల్చటి కిటికీయే దాన్ని మింగేస్తుంది. సిమ్స్ ఉన్న ల్యాబ్‌లో అడగండి, అది అయాన్లతో పైపొరను గీకి, ఊడొచ్చినవాటిని ద్రవ్యరాశిని బట్టి గుర్తుపడుతుంది. గీకిన చోటు మళ్లీ దొరకదు, మిగతా మూలకాల మ్యాపులు ముందే తీయించుకోండి.