ఇల్లు అమ్మే ముందు మురుగు పైపు చూపించు

అమ్మా శ్రావణీ,

ఇల్లు అమ్మకానికి పెడుతున్నావని విన్నాను. రంగుల గురించీ తలుపుల పాలిష్ గురించీ చెప్పేవాళ్లు నీకు చాలామందే దొరుకుతారు కాబట్టి నేను నేల కింది సంగతి రాస్తున్నాను. ఇంట్లో మురుగునీళ్లన్నీ మోసుకుని వీధిలోని పెద్ద మురుగు లైన్ (మెయిన్) దాకా పోయే పైపుని, కొనేవాళ్లు అడక్కముందే నువ్వే కెమెరాతో చూపించు. వాళ్ల మనిషి కెమెరా వేసి పగులు పట్టుకుంటే దానికి వెల కట్టేది వాళ్లే, అదీ ఇల్లు మీ చేయి దాటబోతున్న రోజుల్లో. ఆ పగులు ఎన్నో మీటరు దగ్గరుందో నీకు ముందే తెలిస్తే తీరుబడిగా ఇద్దరు ముగ్గురు ప్లంబర్ల చేత అంచనా వేయించుకోవచ్చు. అందుకని ప్రకటన ఇవ్వడానికి మూడు నాలుగు వారాల ముందే ఈ పని పెట్టుకో.

మనిషిని పిలిచే ముందు ఫోన్లోనే కొన్ని అడుగు. కెమెరా పైపులో దొర్లినా బొమ్మ నిటారుగానే ఉంటుందా? తెర మీద దూరం అంకె పడుతుందా? కెమెరా తలలో సిగ్నల్ పంపే పరికరం, పైన నేల మీంచి దాన్ని పట్టే లొకేటర్ ఉన్నాయా? మొత్తం వీడియో మనకి ఇస్తాడా? లొకేటర్ లేకపోతే లోపల పగులుందని తెలుస్తుంది కానీ, అది గేటు కిందో చెట్టు కిందో, ఎంత లోతులో ఉందో తెలియదు. అప్పుడు తవ్వేవాడు పది అడుగులు అదనంగా తవ్వుతాడు.

కెమెరా దింపడానికి మంచి చోటు ఇంటి పక్కనుండే ఛాంబర్ (పైపులు కలిసే చోట మూత పెట్టి కట్టిన గుంట) గానీ, పైపు శుభ్రం చేయడానికి వదిలిన మూత గానీ. మట్టి కప్పేసి ఉంటే ముందురోజే వెతికి తీయించు. అవి రెండూ లేకపోతే కమోడ్ విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు కింద సీలు కొత్తది వేయమను, పాతది మళ్లీ వేస్తే కారుతుంది. డాబా మీది గాలి పైపులోంచి దింపుతానంటే అది ఆఖరి దారిగానే ఒప్పుకో. వంపులు ఎక్కువ, కెమెరా ఇరుక్కుంటే అదో తలనొప్పి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. అతిథి వస్తున్నట్టు ముందే జెట్టింగ్ (ఒత్తిడితో నీళ్లు చిమ్మి పైపు కడగడం) చేయించి, ఆ తర్వాత కెమెరా వేయిస్తారు. పైపు తళతళలాడుతుంది, కానీ జిడ్డు ఎక్కడ పేరుకునేదో, వేర్లు ఎంత దట్టంగా ఉండేవో ఆనవాళ్లు పోతాయి. నా మాట విని ముందు ఉన్నదున్నట్టుగా చూపించు. కడగాల్సొస్తే అప్పుడు కడిగించి రెండోసారి చూపించు. రెండు వీడియోలూ దాచు. ఇంకో కారణం కూడా ఉంది. వేరే లైన్లు వేసేటప్పుడు నేల లోపల రంధ్రం చేసుకుంటూ పోయేవాళ్లు, ఒక్కోసారి గ్యాస్ పైపుని మురుగు పైపులోంచే దూర్చేస్తారు. అది తెలియక లోపలికి వేర్లు కోసే యంత్రం తోస్తే ప్రాణాల మీదికొస్తుంది.

ఇల్లు కొంతకాలంగా ఖాళీగా ఉంటే మరీ జాగ్రత్త. వాడకం లేని పైపులో పల్లంలోని నీళ్లు ఎండిపోయి, వంగిన పైపు కూడా సాఫుగానే కనిపిస్తుంది. కెమెరా వేసే రోజు సింకులు, తొట్లు నింపి ఒకేసారి వదులు, ప్రతి కమోడ్ ఫ్లష్ చెయ్యి. పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు చూడండి. అప్పటికీ నీళ్లు నిలిచి ఉంటే అక్కడ పైపు కుంగినట్టు. కెమెరా నీళ్లలో మునిగిన చోటూ తేలిన చోటూ మీటర్లలో రాయించుకో. అడుగున కాస్త నీరు నిలిచిందని బెంగ పడకు. కెమెరా పూర్తిగా మునిగితే మాత్రం మలినం అక్కడే దిగబడి పూడిక అవుతుంది. పాత లెక్క ప్రకారం 100 మి.మీ. పైపుకి 40 అడుగులకి 1 అడుగు, 150 మి.మీ. పైపుకి 60 అడుగులకి 1 అడుగు వాలు ఉండాలి. మామూలు కెమెరా ఈ వాలుని కొలవదు, కుంగిన చోట్లని మాత్రమే పట్టిస్తుంది.

ఏ పైపుకి ఏ జబ్బో తెలిస్తే వీడియో చూసేటప్పుడు దేనికోసం వెతకాలో తెలుస్తుంది. స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపు ముక్కలు పొట్టిగా ఉంటాయి, కాబట్టి జాయింట్లు ఎక్కువ. సిమెంట్ జాయింట్ పగిలిందంటే తేమ బయటికొస్తుంది, ఆ తేమని వెతుక్కుంటూ వేర్లు లోపలికొస్తాయి. మంచి పైపుని వేర్లు సాధారణంగా బద్దలు కొట్టవు, చీలిక దొరికితేనే దూరతాయి. అందుకే వేర్లు కోయిస్తే కొన్నాళ్లకి మళ్లీ వస్తాయి, జాయింట్ మూసేదాకా ఆ బాధ తీరదు. పోత ఇనుప పైపుకి లోపల తుప్పు పెచ్చులు కట్టి దారి ఇరుకవుతుంది, అడుగుభాగం తినేస్తుంది. కాంక్రీటు పైపు పైకప్పు చూడమను. మురుగు వాయువు వల్ల పుట్టే ఆమ్లం దాన్ని పైనుంచి కొరుకుతుంది. పీవీసీ తుప్పు పట్టదు కానీ, కింద మట్టి సరిగా దిమ్మిస కొట్టకపోతే కుంగుతుంది, బరువు పడితే కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది, జిగురు తగలని జాయింట్ ఊడుతుంది. రెండు రకాల పైపులు కలిసే చోట ఒక్క నిమిషం ఆగమను, ఎక్కువ లోపాలు అక్కడే కనిపిస్తాయి.

కెమెరా మెయిన్ దాకా పోవాలి. సగంలో ఆగిపోయి "అంతా బాగుంది" అంటే ఒప్పుకోవద్దు. ఎందుకు ఆగిందో వీడియోలోనే చెప్పించు. అవతలి వైపు నుంచి ప్రయత్నించమను. రిపోర్టులో తేదీ, దింపిన చోటు, పైపు రకం, సైజు, ప్రతి లోపానికీ దూరం, లోతు ఉండాలి. పక్కింటి లైన్ మీ పైపులో కలుస్తుంటే అదీ రాయాలి. వాన నీళ్ల పైపు మురుగులో కలుస్తోందన్న అనుమానం ఉంటే, ఆ పైపులో రంగు నీళ్లు పోసి ఛాంబర్‌లో చూస్తే తేలిపోతుంది.

మూత తీసిన ఛాంబర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ ఎవరినీ దిగనివ్వకు, తల లోపలికి పెట్టి చూడనివ్వకు. అక్కడి విషవాయువు మోతాదు పెరిగితే ముక్కుకి వాసన తెలియడమే మానేస్తుంది. ట్యాంకు ఉన్న ఇల్లయితే అడుగు మడ్డి, పైన తెట్టు కలిపి ట్యాంకులో మూడో వంతుకి చేరిందేమో కొలిపించు. చేరితే ఖాళీ చేయించాలి.

లోపం తేలితే, చూపిన మనిషికే మరమ్మతు అప్పజెప్పకు. వీడియో ఇంకొకరికి ఇచ్చి అభిప్రాయం అడుగు. ఒక్క జాయింట్ పాడైతే అక్కడ తవ్వి మార్చడమే చవక. పొడుగునా పగుళ్లుంటే లోపల రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పూసిన గొట్టం పరిచి గట్టిపడనిచ్చే పద్ధతి ఉంది. అది కుంగిన పైపుని నిలబెట్టదు, పైగా పక్క పైపులు కలిసే నోళ్లని మూసేస్తుంది, వాటిని మళ్లీ కోసి తెరవాలి. కుంగినదాన్ని తవ్వి సరిచేయక తప్పదు. రోడ్డు తవ్వాలంటే అనుమతి కావాలి. పైపులో ఎంతవరకు మీదో, ఎక్కణ్ణుంచి పురపాలక సంస్థదో ఊరూరికీ మారుతుంది కాబట్టి ముందు అది కనుక్కో.

బాగు చేయించకుండా అంత మేరకు ధర తగ్గించి అమ్మినా తప్పులేదు. దాచిపెట్టడం మాత్రం వద్దు. తెలిసి చెప్పలేదని తేలితే కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తుంది. వీడియో, అంచనాలు, రసీదులు ఒకే చోట పెట్టి కొనేవాళ్లకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో.

ఇక రంగులు, టైల్స్ పని చేసేవాళ్లకి ముందే గట్టిగా చెప్పు, బకెట్లు బాత్రూమ్‌లో కడగొద్దని. గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే సిమెంటు) కలిసిన నీళ్లు ట్రాపులో, అంటే నీళ్లు నిలిచే పైపు వంపులో, రాయిలా బిగుసుకుంటాయి. ఆ పనులన్నీ అయ్యాకే చివరి కెమెరా వేయించు.

మీ మావయ్య