ట్రక్కు ఏదన్నది తర్వాత, ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి

ప్రశ్న: నా వయసు 34. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. హెచ్-1బి మీద ఐటీ ఉద్యోగం. నా భార్యకు వర్క్ పర్మిట్ లేదు, మూడేళ్ల పాప ఉంది. ఆఫీసుకు రానుపోను రోజూ 60 మైళ్లు. నెలకోసారి స్నేహితుల జీపుల్లో బార్న్‌వెల్ మౌంటెన్‌కు ఆఫ్‌రోడింగ్‌కి (రోడ్డు లేని కొండదారుల్లో బండి నడపడానికి) వెళ్తుంటాను. రెండింటికీ పనికొచ్చే పికప్ ట్రక్కు, టొయోటా టకోమా టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ గానీ, షెవీ కొలరాడో జడ్ఆర్2 గానీ కొందామనుకుంటున్నా. టకోమాకు పన్నులతో 50 వేల డాలర్లు చెప్పారు. ఇప్పుడున్న సెడాన్ మీద 19 వేల అప్పుంది, డీలరు 13 వేలకే తీసుకుంటానంటున్నాడు. మిగతా 6 వేలు కొత్త లోనులో కలిపేస్తాడట. డౌన్ పేమెంటుకు 401కె (రిటైర్మెంటు ఖాతా) నుంచి 10 వేలు లోను తీసుకుంటా. 84 నెలలకు 7.5 శాతం వడ్డీతో నెలకు 706 డాలర్లు. ఇప్పుడే 480 కడుతున్నా కాబట్టి భారం పెద్దగా పెరగదు. బ్యాంకులో 9 వేలున్నాయి. కారు కిస్తీతో కలిపి నెల ఖర్చు 5,200, అన్నీ పోను 1,500 మిగులుతుంది. ఏ ట్రక్కు మంచిది?

జవాబు: ఏది మంచిదో చివర్లో చెబుతాను. ఇప్పుడైతే ఏదీ వద్దు.

మీ ప్రశ్ననే ఎంచుకోవడానికి కారణం ఉంది. "నెలకు 226 డాలర్లేగా పెరిగేది" అన్న ఈ లెక్క ఇక్కడ మనవాళ్లు చాలామంది వేస్తున్నదే. షోరూంలో మొదట అడిగేది "నెలకెంత కట్టగలరు?" అనే. మీరొక అంకె చెప్పగానే దానికి సరిపోయేదాకా నెలలు పెంచుకుంటూ పోతారు. మిమ్మల్ని 84 దాకా తీసుకెళ్లారు. పాపకు పదేళ్లు వచ్చేదాకా కడుతూనే ఉంటారు. వడ్డీయే 13 వేలు దాటుతుంది. అందులో కొంత, అమ్మేసిన సెడాన్ బాకీకి కట్టే వడ్డీ. లేని కారుకు ఏడేళ్లు వడ్డీ ఎందుకు కట్టాలండీ?

నన్ను అంతకన్నా కంగారు పెట్టింది ఆ 9 వేలు. నెలకు 5,200 ఖర్చంటే అది 52 రోజులకు వస్తుంది. హెచ్-1బి ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఐ-94 (ఎప్పటిదాకా ఇక్కడ ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకుముందే ముగిస్తే అదీ ఉండదు. అంటే గడువు కన్నా ముందే డబ్బు అయిపోతుంది. ట్రక్కు కిస్తీ తోడైతే 50 రోజులు కూడా గడవవు. పైగా ఉద్యోగం పోయాక వచ్చే ఖర్చులు ఈ 5,200లో లేవు. హెల్త్ ఇన్సూరెన్స్ ఆగకూడదంటే కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ఇన్సూరెన్స్ కొనసాగించుకోనిచ్చే చట్టం) కింద కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి. అపార్ట్‌మెంట్ లీజు మధ్యలో వదిలితే దానికో పెనాల్టీ. తిరిగి వెళ్లాల్సివస్తే ముగ్గురికి టికెట్లు. ఒక్క జీతం మీద, అదీ వీసాతో ముడిపడ్డ జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి కనీస అవసరం.

కొన్న ఏడాదికే లేఆఫ్ వచ్చిందనుకోండి. లోను ఇంకా 40,800 దాకా ఉంటుంది. తొందర మీద అమ్ముతున్నారని తెలిసి డీలరు 37 వేలే ఇస్తానంటే, మిగతా 3,800 మీరు కట్టేదాకా టైటిల్ (యాజమాన్య పత్రం) మీ చేతికి రాదు, ట్రక్కు అమ్ముడుపోదు. 401కె లోనులో 8,300 వరకు మిగిలి ఉంటుంది. ఉద్యోగం పోయాక ఆ ఏడాది ట్యాక్స్ రిటర్ను గడువులోగా ఆ బాకీ సర్దకపోతే ఆదాయం కింద లెక్కేస్తారు. 22 శాతం పన్ను, పైన 10 శాతం పెనాల్టీ అనుకుంటే 2,650 పోతుంది. రెండూ కలిపి 6,400 పైమాటే. ఉన్న 9 వేలలోంచి అది తీసేసి ఇల్లెలా నడుపుతారు? రిటైర్మెంటు డబ్బు మీద అప్పు తెచ్చి డౌన్ పేమెంటు కట్టడమంటే చేతిలో లేని డబ్బుతో కొంటున్నట్టే. ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి.

మిగిలే 1,500ను వచ్చే 15 నెలలు విడిగా హై-యీల్డ్ సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఇప్పుడున్న దానితో కలిపి 31,500 అవుతుంది, ఆరు నెలలకు సరిపోతుంది. సెడాన్ కిస్తీ మానకుండా కడితే దాని బాకీ కూడా 13 వేల చిల్లరకు దిగుతుంది. అప్పటిదాకా ఆఫ్‌రోడింగ్ స్నేహితుల జీపుల్లోనే సాగనివ్వండి.

ఇన్సూరెన్స్ గురించి రెండు మాటలు. టెక్సాస్ చట్టం అడిగే కనీస లయబిలిటీలో ఎదుటివారి వాహన నష్టానికి 25 వేలే వస్తుంది. మీరు కొనాలనుకుంటున్న ట్రక్కు ధరలో అది సగం. ఇప్పటి సెడాన్ పాలసీలోనే దాన్ని లక్షకు పెంచుకోండి. కంపెనీ ఇచ్చే లైఫ్ కవర్ సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంతంగా ఒక టర్మ్ పాలసీ ఉండాలి.

ఇక ట్రక్కు. రోజుకు 60 మైళ్ల హైవే ప్రయాణానికి జడ్ఆర్2 వద్దు. 33 అంగుళాల మడ్ టైర్లు, ఖరీదైన డాంపర్లు (షాక్‌లు), ముందూ వెనకా లాకర్లు (రెండు పక్కల చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి) నెలకో రోజు ఉపయోగపడతాయి. మిగతా రోజులన్నీ వాటి చప్పుడూ పెట్రోలు ఖర్చూ మీవే. టీఆర్‌డీ ఆఫ్‌రోడ్‌లో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది, మీ అవసరానికి అది చాలు. రీసేల్ విలువ కూడా బాగుంటుంది. కానీ నా ఓటు రెండు మూడేళ్లు వాడిన నిస్సాన్ ఫ్రాంటియర్ ప్రో-4ఎక్స్‌కు. అందులోనూ లాకరుంది, బిల్‌స్టీన్ కంపెనీ షాక్‌లున్నాయి, టర్బో లేని 3.8 లీటర్ల వీ6 ఇంజను. టకోమాలో ఎక్స్‌ట్రాక్యాబ్ చూడకండి, కొత్త మోడల్లో దానికి వెనక సీట్లే లేవు. ఏది చూసినా పాప కార్ సీటు వెంట తీసుకెళ్లి వెనక బిగించి, డ్రైవర్ సీటు మీకు కావాల్సినంత వెనక్కి జరిపి చూసుకోండి.

కొనే రోజుకు 20 శాతం సొంత డబ్బు ఉండాలి, అత్యవసర నిధిని ముట్టకుండా. లోను 60 నెలలు దాటకూడదు. షోరూంకు వెళ్లకముందే క్రెడిట్ యూనియన్‌లో లోనుకు ప్రీ-అప్రూవల్ (ముందస్తు ఆమోదం) తీసుకోండి. నెలకెంత కట్టగలరని అడిగితే అంకె చెప్పకుండా, అన్ని ఫీజులూ పన్నులూ కలిపిన మొత్తం ధరను కాగితం మీద రాసిమ్మనండి.