సముద్రం ఎడమ చేతి వైపున ఉండాలంటే...

ప్రశ్న: డిసెంబరులో విశాఖ వస్తున్నాం. అద్దె కారులో ఒక్క రోజులో భీమిలి దాకా బీచ్ రోడ్డు చూడాలి, ఒకట్రెండు కొండలూ ఎక్కాలి. ఏ వరసలో వెళ్తే బాగుంటుంది? – ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: అందరూ ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి రుషికొండ, తొట్లకొండ చూసుకుంటూ భీమిలి చేరతారు. మేమైతే తిరగేసి వెళ్లమంటాం. మనది ఎడమ పక్క నడక. విశాఖ నుంచి వెళ్తే సముద్రం కుడివైపున ఉంటుంది, ఎక్కడ ఆపాలన్నా ఎదురొచ్చే బళ్లకు అడ్డం పడాలి. భీమిలి నుంచి వస్తే సముద్రం ఎడమ కిటికీలోనే ఉంటుంది. పక్కకు తీసి ఆపేయొచ్చు.

తెల్లవారుజామున 5 గంటలకు జాతీయ రహదారి పట్టుకుని, ఆనందపురం మీదుగా భీమిలి చేరండి. డిసెంబరు మధ్యలో సూర్యోదయం 6.20 ప్రాంతంలో. వెలుగు రాగానే పావురాలకొండ ఎక్కండి. స్థానికులను నరసింహస్వామి కొండ అని అడిగినా చెబుతారు. వాననీళ్లు పట్టుకోవడానికి బౌద్ధ భిక్షువులు బండలో తొలిచిన తొట్లు పైన ఇంకా ఉన్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అక్కడినుంచి బాగా కనిపిస్తుంది. దిగి టిఫిన్ చేసి, డచ్చివాళ్ల సమాధులు చూసి, 9 కల్లా ఎర్రమట్టి దిబ్బలకు రండి.

తొట్లకొండను మధ్యాహ్నం 2.30 దాకా ఆపండి. పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి నీరు తెల్లగా మెరిసి కళ్లు చెదురుతాయి. మధ్యాహ్నం దాటాక ఎండ మీ వీపు మీదికి మారుతుంది, అప్పుడే నీలం తేలేది. కొండ ఎత్తు 128 మీటర్లే. పైదాకా రోడ్డుంది. నడిచేవాళ్లను కింద దింపి, మోకాళ్ల నొప్పులవాళ్లను కారులో పంపండి. పైనున్న స్తూపాల గోడలు ఎక్కనివ్వకండి. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపంలో కొంత భాగం కూలింది కూడా. దిగేటప్పుడు కారు సెకండ్ గేరులో ఉండాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. మాడిన వాసన వస్తే ఆపి పావుగంట చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి.

4 లోపు కొండ దిగండి. ఆ తర్వాత విశాఖ వైపు వస్తుంటే చలికాలపు ఎండ ముందద్దంలోంచి నేరుగా కళ్లలో కొడుతుంది. 5.25కల్లా సూర్యుడు అస్తమిస్తాడు.

ప్రశ్న: మంగమారిపేట రాతి తోరణం ఫొటోల్లో చూశాం. దాన్ని ఈ రోజులో ఎక్కడ ఇరికించాలి? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: పై వరసలో గడియారానికి లొంగనిది ఇదొక్కటే. పోటు మీద, అంటే నీరు పైకొచ్చినప్పుడు వెళ్తే దగ్గరికి చేరలేరు, పాటు, అంటే నీరు వెనక్కి తీసే వేళ చూసుకునే వెళ్లాలి. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. పాటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ పొద్దున 10కి పాటైతే రేపు 10.50 ప్రాంతంలో అన్నమాట. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకట్రెండు రోజుల్లో నీరు ఇంకా లోపలికి తీస్తుంది. ముందురోజు ఆ ఊరి మత్స్యకారులను అడిగితే చాలు. పాటుకు గంట ముందు చేరండి, నీరు మళ్లుకోగానే బయటికి వచ్చేయండి. నాచు పట్టిన రాయి మీద చెప్పులతో నడిస్తే జారడం ఖాయం. తోరణం మీదికెక్కి ఫొటోలు వద్దు, కింద నిలబడి అసలే వద్దు.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల్లో దారి తప్పుతామంటున్నారు. నిజమేనా? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: తప్పొచ్చు. వాన నీళ్లు కోసిన గండ్లన్నీ ఒకేలా ఉంటాయి, ఆ గోడల మధ్య నిలబడితే సముద్రం కనిపించదు. అలాంటప్పుడు నేల వాలు చూసుకోండి. నీళ్ల చాలు మొత్తమ్మీద సముద్రం వైపే దిగుతుంది, దాని వెంటే రండి. గండి అంచున నిలబడొద్దు, అది రాయి కాదు. ఇనుప ఆక్సైడ్ పట్టి ఎర్రబడిన ఇసుకే, కింద నీరు తొలిచేసి పైన అట్టలా మిగిలి ఉంటుంది. వాన పడిన రెండు మూడు రోజులు అసలు వెళ్లకపోవడమే మేలు. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. గుర్తుగా సీసాలో ఇసుక నింపుకు వెళ్లేవాళ్లకు ఈ సంగతి తెలియదేమో మరి.

ప్రశ్న: బీచ్ అంచున కారు ఇసుకలో దిగబడితే? – ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మొదట కాలు యాక్సిలరేటర్ మీంచి తీయండి. చక్రం తిరిగేకొద్దీ గుంట లోతవుతుంది, క్లచ్ ప్లేటూ మాడుతుంది. మనుషుల్ని దింపి, టైర్ల ముందూ వెనకా ఇసుక చేత్తో తోడేయండి. వచ్చిన జాడలోనే వెనక్కి రావడం తేలిక, అక్కడ ఇసుక అప్పటికే నొక్కుకుని ఉంటుంది. నడిపే చక్రాల గాలి 32 నుంచి 20 పీఎస్ఐకి తగ్గిస్తే టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. చక్రాల కింద ఫుట్ మ్యాట్లు వేసి, స్టీరింగ్ తిన్నగా పట్టి, రివర్స్‌లో మెల్లగా లాగండి. మ్యాటు ఎగిరి తగలకుండా మనుషులు చక్రాల వరసలో నిలబడకూడదు. బయటపడ్డాక 30 వేగం దాటకుండా పంక్చర్ షాపుకు వెళ్లి గాలి కొట్టించండి.

ప్రశ్న: మనిషికి ఎన్ని నీళ్లు తీసుకెళ్లాలి? దారిలో సముద్రంలో దిగొచ్చా? – ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: రెండు కొండలకు కలిపి తలా 3 లీటర్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. చల్లగా అనిపించినా తీరంలో గాలి చెమ్మగా ఉంటుంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

కాళ్లు తడుపుకోవడం వరకే. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయ ఉంటుంది చూశారూ, చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం అక్కడే ఉంటుంది. లాక్కుపోతే ఒడ్డుకు ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది దాన్ని దాటండి. ఈత రానివాళ్లు చేయి పైకెత్తి పిలుస్తూ తేలడానికే ప్రయత్నించాలి.

ఇక కారు సంగతి. అప్పగించేలోపు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు తడికి బ్రేకు డిస్కులు తెల్లారేసరికి తుప్పు పట్టి ఉంటాయి.