తొలి ప్రయోగానికి ముందు

చిరంజీవి వాసంతికి ఆశీస్సులు.

మనస్తత్వశాస్త్రంలో ప్రయోగ పద్ధతులు చదివితే రావమ్మా, ఒక్క ప్రయోగమైనా మొదటినుంచి చివరిదాకా చేస్తేనే పట్టుబడతాయి. దానికి కొత్త ప్రశ్న వెతుక్కోకు. 1935లో స్ట్రూప్ ప్రచురించిన రంగుమాటల ప్రయోగమే తెలుగులో చెయ్యి. ‘నీలం’ అన్న మాట ఎర్రరంగులో కనిపిస్తుంది, మాటను పట్టించుకోకుండా రంగుకి తగ్గ మీట నొక్కాలి. మాట, రంగు కలవనప్పుడు ఆలస్యమవుతుందని ముందే తెలుసు. అలా రాకపోతే మొదట నీ ఏర్పాటునే అనుమానించు.

ఇలాంటి ప్రయోగాలు తయారుచేసే సైకోపై సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ తీసుకో. చివరిది పొడుగని ‘పచ్చ’ అని కుదించకు, పసుపురంగునే పచ్చ అనేవాళ్లు ఉన్నారు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 96 ట్రయల్స్‌లో (ఒక మాట చూపి ఒక జవాబు తీసుకుంటే ఒక ట్రయల్) సగం మాట, రంగు కలిసేవి, సగం కలవనివి పెడతారు. అప్పుడు ప్రతి మాటా 24 సార్లలో 12 సార్లు సొంత రంగులోనే వస్తుంది. మాటను బట్టి రంగు ఊహించడం చేసేవాళ్లకి తెలియకుండానే అలవాటవుతుంది. నువ్వు కొలిచే తేడాలో ఆ అలవాటూ కలిసిపోతుంది. నాలుగు మాటలు, నాలుగు రంగులు, మొత్తం 16 జతలు. ఒక్కోటీ ఆరుసార్లు చూపించు. కలిసేవి 24, కలవనివి 72 వస్తాయి. లెక్క అసమానంగా కనిపించినా మాట రంగుని పట్టివ్వదు. పైగా మాట పొడుగు, రంగు వెలుగు రెండువైపులా సర్దుకుంటాయి.

ముందు కూడిక గుర్తు 500 మిల్లీసెకన్లు, తర్వాత మీట నొక్కేదాకా మాట. వైరున్న కీబోర్డే వాడు. సాధన ట్రయల్స్ 20 ఇచ్చి, 16 ఒప్పు రాకపోతే మళ్లీ చేయించు.

మధ్యస్థాయి ప్రభావం (కోహెన్ కొలతలో 0.5) పట్టుకోవడానికి, 80 శాతం పవర్‌తో, అంటే ప్రభావం నిజంగా ఉంటే అది బయటపడే అవకాశం అంత ఉండేలా, 34 మంది కావాలి. ఇషిహారా పటాలతో రంగుల చూపు పరీక్షించు. పత్రికలోని ఒక పేరా బయటికి చదివించు. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కునేవాళ్లుంటారు. వాళ్లకి మాట అంతగా అడ్డు తగలదు, నీ ప్రభావం పలచబడిపోతుంది.

విశ్లేషణలో ఒప్పు జవాబులే తీసుకో. 200 మిల్లీసెకన్లకి తక్కువవి, 2000 దాటినవి తీసెయ్యి. ఒక్కొక్కరికి కలిసేవాటికొకటి, కలవనివాటికొకటి రెండు సగటులు కట్టి జత టి-పరీక్ష (ఒకే మనిషి రెండు సగటుల తేడాను చూసే గణాంక పరీక్ష) చెయ్యి. 3264 ట్రయల్స్‌నీ విడివిడి మనుషుల్లా ఒకే పరీక్షలో కుమ్మరించకు, మనుషులు 34 మందే.

ఈ నియమాలన్నీ డేటా చూడకముందే రాసి ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైటులో నమోదు చెయ్యి. చూశాక హద్దులు మారిస్తే, కోరుకున్న ఫలితం వైపు చెయ్యి దానంతటదే జరుగుతుంది. 2015లో 100 మనస్తత్వ అధ్యయనాలను తిరిగి చేస్తే 36 శాతమే నిలిచాయి. దానికి ఈ అలవాటూ ఒక కారణమని నా నమ్మకం.

నమోదుకి ముందు ఇద్దరితో పైలట్, అంటే సరిచూసుకునే చిన్న ప్రయోగం, నడుపు, వాళ్ల డేటా లెక్కలో కలపకు. ఫైలు తెరిచి 96 వరుసలున్నాయా, ప్రతి జతా ఆరుసార్లు వచ్చిందా, సరైన మీట ఒప్పుగానే నమోదైందా చూడు. అప్పుడు మూడో మనిషిని పిలు.