టెక్ సందేహాలు: పాత సర్వే పటం మీద కాకతీయుల చెరువులు

ప్రశ్న: కాకతీయుల కాలపు చెరువులపై పరిశోధన చేస్తున్నాను. శాసనాల సంపుటాల నుంచి ఊళ్ల పేర్లు రాసుకున్నాను. అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత సర్వే పటం స్కాన్ ప్రతులు రెండు దొరికాయి. వీటిని నేటి ఉపగ్రహ చిత్రంతో కలిపి చూడాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? నేను ప్రయత్నిస్తే చెరువు కట్టలు అసలు చోటికి పక్కగా పడుతున్నాయి. (పరిశోధక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: మీ పనికి క్యూజీఐఎస్ సరిపోతుంది. ఇది ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. స్కాన్ చేసిన పటాన్ని భూమి మీది అసలు స్థానాలకు కుదిర్చే పనిముట్టు జియోరిఫరెన్సర్ అందులోనే ఉంది.

కట్టలు పక్కకు పడటానికి కారణం మీ పొరపాటు కాకపోవచ్చు. పాత సర్వే పటాల మీది అక్షాంశ రేఖాంశాలు భూమి ఆకారాన్ని ఎవరెస్ట్ అనే పాత లెక్క ప్రకారం తీసుకుని గీసినవి, ఉపగ్రహ చిత్రాలు, జీపీఎస్ మాత్రం డబ్ల్యూజీఎస్ 84 లెక్కను వాడతాయి. పటం అంచున ఉన్న అంకెలను అలాగే టైపు చేసి, డబ్ల్యూజీఎస్ 84 అని ఎంచుకుంటే మన ప్రాంతంలో వంద మీటర్లకు మించిన తేడా వస్తుంది. కట్ట మీది మైసమ్మ గుడి నీళ్ల నడుమ ఉన్నట్టు కనిపించడానికి ఆ తేడా చాలు. అందువల్ల అంకెలను వదిలి, పటంలోనూ నేటి చిత్రంలోనూ కదలకుండా ఉన్న గుర్తులను పట్టుకోండి. వేయి స్తంభాల గుడి, వరంగల్ కోటలోని తోరణాలు, గుట్టల మీది సర్వే స్తంభాలు, పెద్ద చెరువుల కట్ట చివరలు ఇందుకు పనికివస్తాయి. వాగు ఒడ్డును, రోడ్డు మలుపును నమ్మవద్దు.

సాధారణ పద్ధతికి మూడు గుర్తులు చాలని సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నా, పటం నాలుగు మూలలకూ పరచుకునేలా పన్నెండు దాకా పెట్టడం మంచిది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతిని ఎంచుకుంటే మీరు పెట్టిన గుర్తుల దగ్గర తప్పు సున్నా అని చూపుతుంది. అది పటాన్ని ఆ గుర్తులకు సాగదీసి అతికించడం వల్ల వచ్చే సున్నా, పటం సరిగ్గా కుదిరిందనడానికి రుజువు కాదు. ఈ పటాల మీద ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లతో సమానం కాబట్టి, గీత మందం వల్లనే ముప్పై మీటర్ల అనిశ్చితి ఉంటుందని ముందే అంగీకరించాలి.

మీ దగ్గర రెండు ప్రతులు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. 18 డిగ్రీల అక్షాంశ రేఖ హనుమకొండకూ వరంగల్ కోటకూ మధ్యగా పోతుంది, అందువల్ల వేయి స్తంభాల గుడి 56 ఎన్/12 సంఖ్య గల పటంలోనూ, కోట 56 ఓ/9 సంఖ్య గల పటంలోనూ పడతాయి. వాటిని ఫొటో సాఫ్ట్‌వేర్‌లో అతికించి ఒక్కటిగా చేయవద్దు, దేనికది విడిగా కుదిర్చిన తరువాతే పక్కపక్కన పెట్టండి. పటం అంచున అచ్చయిన సంవత్సరమే కాక సర్వే చేసిన సంవత్సరం కూడా ఉంటుంది, మీకు కావలసింది అదే. ఆ మూల చిరిగిపోయి ఉంటే రైలు మార్గాలను చూడండి: కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయింది, అది లేని పటం సర్వే అంతకు ముందటిదై ఉండాలి.

ఇంతవరకు చెప్పింది సాధనతో వచ్చే పని. మీ పరిశోధన బలం శాసనాల పట్టికలో ఉంది. 1213 నాటి పాలంపేట శాసనం గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడిది, అది రామప్ప గుడి ఆవరణలోనే ఉంది, అక్కడ చుక్క పెట్టడానికి సందేహించనక్కరలేదు. అన్నీ అలా ఉండవు. రాయి ఒక ఊరి బొడ్రాయి పక్కన దొరుకుతుంది, అందులో దానం చేసిన భూమి వేరే ఊరి చెరువు కింద ఉంటుంది, ఆ పేరుతో నేడు మూడు ఊళ్లు ఉంటాయి. కాబట్టి రాయి ఉన్న చోటుకు ఒక నిలువు వరుస, శాసనం చెప్పిన చోటుకు మరొకటి, ఆ గుర్తింపు ఖాయమా, బహుశానా, ఊహా అన్నదానికి ఇంకొకటి, ఏ ఆధారంతో అన్నారో రాయడానికి నాలుగోది పెట్టుకోండి. తెర మీద చుక్క ఎప్పుడూ కచ్చితంగానే కనిపిస్తుంది, దాని వెనకాల ఊహ ఉందని చదివేవారికి ఈ వరుసలే తెలియజేస్తాయి.

ఊరి పేరు పక్కన జిల్లా రాసేటప్పుడు ఏ సంవత్సరపు జిల్లానో తప్పక రాయండి. 1953 వరకు ఖమ్మం వరంగల్‌లోనే ఉండేది, 2016లో ఉమ్మడి జిల్లా ముక్కలైంది, 2021లో పేర్లు మళ్లీ మారాయి. అలాగే చుక్కలు దట్టంగా ఉన్నచోట చెరువులు ఎక్కువ ఉండేవని వెంటనే తీర్మానించకండి. శాసన పరిశోధకులు ఎక్కువగా తిరిగిన దారులు కూడా అవే కావచ్చు.

ప్రశ్న: పాత చెరువుకు నీళ్లు ఏ మేర నుంచి వచ్చేవో కంప్యూటర్‌లో తేల్చవచ్చా? (అధ్యాపకుడు, ములుగు)

జవాబు: చాలావరకు తేల్చవచ్చు. 2000 ఫిబ్రవరిలో వ్యోమనౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల సమాచారం ఉచితంగా దొరుకుతుంది. దానిని డిగ్రీల నుంచి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోకి, మన ప్రాంతపు 44 ఉత్తర మండలానికి మార్చిన తరువాతే లెక్క వేయండి. అయితే దానిలో ఒక్కో గడి ముప్పై మీటర్లు కాబట్టి చిన్న తూము కాలువ, మత్తడి కనిపించవు. అది చూపేది 2000 నాటి నేలనే. దిగువ మానేరు జలాశయం పూర్తికాక ముందటి నేల కావాలంటే అమెరికా 1960–72 మధ్య తీయించి 1995లో బయటపెట్టిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలను వెతకండి. ఇప్పటికే స్కాన్ అయినవి ఉచితం. శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) ఎంతవరకు ఉండేదో వాటిలో చక్కగా తెలుస్తుంది.

ప్రశ్న: ఊళ్లలో శాసనపు రాళ్ల ఫొటోలు తీసి మిత్రులకు పంపిస్తే స్థానం వివరాలు పోతున్నాయి. (ఉపాధ్యాయురాలు, నర్సంపేట)

జవాబు: వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అందులోని జీపీఎస్ వివరాలు తొలగిపోతాయి, అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకా మంచి దారి క్యూఫీల్డ్ యాప్. అది క్యూజీఐఎస్‌కు తోడుగా ఫోన్‌లో పనిచేస్తుంది, సిగ్నల్ లేని ఊళ్లోనూ స్థానాన్ని, ఫొటోను, మీరు రాసిన వివరాన్ని కలిపి దాచుతుంది. చింతచెట్టు కింద రాయి ఉంటే స్థానం కొన్ని మీటర్లు జరగవచ్చు, కాబట్టి రాయి కట్టకు ఏ కొసన, తూముకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో కూడా అక్కడే రాసుకోండి. ఫొటో పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే అరిగిన అక్షరాలు కూడా తేలుతాయి.